చాందినీ ముందుకాళ్ళ డైరీ: గాయం లేదు, వాపు లేదు, అయినా కుంటు

జనవరి నెలాఖరు

మా గుర్రం చాందినీ నడకలో తేడా వచ్చింది. వాపు లేదు, గాయం లేదు, ముల్లు గానీ మేకు గానీ దిగిన గుర్తు లేదు, మేత మానలేదు, జ్వరం లేదు. అయినా బండల మీద నడిచేటప్పుడు ముందుకాళ్ళు పొట్టిపొట్టిగా వేస్తోంది. ఇంట్లో ఒకరు కుంటుతోంది అంటారు, ఇంకొకరు బాగానే ఉంది కదా అంటారు. పొద్దున ఒకలా, సాయంత్రం ఇంకోలా కనిపిస్తోంది కాబట్టి ఇద్దరి మాటా నిజమే. ఇలా నోటిమాటగా చెప్పుకుంటూ పోతే ఎవరికీ ఏమీ తేలదని ఇవాళ్టి నుంచి రాసి పెడుతున్నా.

ముందు దాని సంగతి. ఆడ గుర్రం, పళ్ళు చూసినవాళ్ళు పదేళ్ళు దాటిందన్నారు. గుజరాత్ కాఠియావాడి జాతి పోలికలున్న నాటు క్రాసు, చెవి కొనలు లోపలికి వంగి ఉంటాయి. ఇదివరకు పెళ్ళి ఊరేగింపులకు తిరిగింది. మా దగ్గరికి వచ్చేనాటికే లాడాలు తీసేసి ఉన్నాయి. మేముండేది తాడిపత్రి పక్కన. చుట్టూ నాపరాళ్ళ గనులు, పాలిష్ ఫ్యాక్టరీలు, ఏ దారిన పోయినా రాతి చెక్కులే. మా వైపు ఇల్లయినా కొట్టమైనా నేలకు బండలే పరుస్తాం, చాందినీ కొట్టమూ అంతే.

ఇవాళ చేసింది ఒకటే పని. మూడు రకాల నేల మీద నడిపించి ఫోన్‌లో వీడియో తీశా: కొట్టం ముందు బండలు, చీనీ (బత్తాయి) తోటలో దున్నిన మట్టి, పెన్న ఇసుక. ఇసుకలో దిగగానే మెడ దించి, కాళ్ళు చాపి, హాయిగా నడిచింది. మట్టిలో పరవాలేదు. బండల మీదికి వచ్చేసరికి ఒక క్షణం ఆగి, బరువు వెనక్కి వేసుకుని, అప్పుడు ముందుకాలు దించింది. ఆ ఆగడం మామూలుగా చూస్తే కంటికి ఆనదు, వీడియోను మెల్లగా తిప్పితేనే తెలుస్తుంది. కండరమో నరమో పట్టేసిన గుర్రం మెత్తటి లోతు ఇసుకలో ఎక్కువ ఇబ్బంది పడుతుంది, డెక్కలో నొప్పి ఉన్నది గట్టి నేల మీద ఎక్కువ ఇబ్బంది పడుతుంది. కాబట్టి వెతకాల్సింది భుజంలో కాదు, డెక్కలో.

ఇంకొకటి కూడా చూశా. ఒక ముందుకాలే నొప్పైతే ఆ కాలు నేలకు తగిలినప్పుడు తల పైకి లేస్తుంది. చాందినీ తల ఊపడం లేదు, అందుకే ఇంట్లోవాళ్ళకు కుంటులా అనిపించడం లేదు. కానీ బండల మీద గుండ్రంగా తిప్పితే ఎడమకు తిరిగినప్పుడు ఎడమ కాలు, కుడికి తిరిగినప్పుడు కుడి కాలు జంకుతోంది. అంటే రెండూ నొప్పే. రెండు కాళ్ళూ సమానంగా నొస్తే ఏ కాలికీ తల ఊపదు, అడుగు మాత్రం పొట్టిదవుతుంది.

ఫిబ్రవరి మొదట్లో

సలహాలు వస్తున్నాయి. గుర్రం కుంటుతోందని తెలిస్తే దారిన పోయేవాళ్ళు కూడా ఆగి చెప్తారు, మంచి మనసుతోనే చెప్తారు. భుజం పట్టింది, వేపనూనెలో కర్పూరం కరిగించి రుద్దమన్నారు. వాతం అన్నారు. ఎద్దులకు పెట్టినట్టు వాత పెట్టిస్తే సరిపోతుందన్నారు, దానికి మాత్రం నేను అడ్డం పడ్డా. నొప్పి ఎక్కడుందో తెలియకుండా కాల్చిన కడ్డీ పెట్టడం ఆ మూగజీవానికి ఇంకో నొప్పి ఇవ్వడమే. పెళ్ళిళ్ళకు తిప్పిన ఆయన ఫోన్లో, నీరసం వచ్చి ఉంటుంది, ఉలవలు పెంచి రెండు పూటలా బెల్లం పెట్టమన్నాడు.

ఒక డాక్టరు వచ్చి చూసి నొప్పి ఇంజెక్షన్ వేసి వెళ్ళాడు. కాలెత్తి చూడలేదు. మందు పని చేసినంతసేపు చాందినీ దౌడు తీసింది, మందు దిగగానే మళ్ళీ అదే నడక. నన్నడిగితే ఇది ప్రమాదం. నొప్పి తెలియకపోతే గుర్రం ఆ కాలినే ఎడాపెడా వాడుతుంది, లోపల ఏం చెడుతోందో మనకు కనపడదు. ఇంకో ఇంజెక్షన్ వద్దన్నా. కారణం తెలిశాక డాక్టరే ఇవ్వమంటే అది వేరే విషయం.

రెండు రోజుల తర్వాత

నాడి చూడటం నేర్చుకున్నా. డెక్కకు పైన, కాలు సన్నబడే చోట ఉన్న కీలు వెనక పక్కల్లో రెండు వేళ్ళు మెత్తగా ఆనిస్తే, చర్మం కింద సన్నని తాడులా రక్తనాళం జారుతూ తగులుతుంది. గట్టిగా నొక్కితే దొరకదు. బాగున్న గుర్రానికి అక్కడ నాడి వెతుక్కుంటే గానీ అందదు. డెక్కలో మంట ఉంటే వేలికి కొట్టినట్టు తెలుస్తుంది. చాందినీ వెనక కాళ్ళకు చాలాసేపు వెతికినా అంతంతమాత్రం, ముందుకాళ్ళకు వేలు పెట్టగానే దొరికింది. నాకు మొదటిసారి గట్టిగా టెన్షన్ పట్టుకున్నది అప్పుడే.

ఎవరైనా ఇది మొదలుపెడితే గుర్రం బాగున్న రోజుల్లోనే వేలు అలవాటు చేసుకోండి. మామూలు ఎలా ఉంటుందో తెలియకపోతే తేడా ఎలా తెలుస్తుంది? ఒళ్ళు వేడి 37.5 నుంచి 38.5 డిగ్రీల సెల్సియస్, గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు, నిలబడి ఉన్న గుర్రానికి ఇవి మామూలు లెక్కలు. చాందినీకి రెండూ సరిగ్గానే ఉన్నాయి, నాడి ఒక్కటే తేడా.

రోజూ పొద్దున మేతకు ముందు, సాయంత్రం చల్లబడ్డాక నాడి, డెక్క వేడి, బండల మీద నడక, ఆ రోజు ఏం తినింది అని నోట్‌బుక్కులో రాస్తున్నా. ఎండలో నిలబడిన గుర్రానికి డెక్క ఎలాగూ కాలుతుంది కాబట్టి మధ్యాహ్నం వేడి చూసి లాభం లేదు, మన అనంతపురం ఎండల్లో మరీను.

ఫిబ్రవరి మూడో వారం

లాడాలు కొట్టే తాతను పిలిపించాం. జట్కాలు తిరిగిన రోజుల నుంచి ఈ పనే చేస్తున్న మనిషి, ఇప్పుడు ఎద్దులకే ఎక్కువ కడతాడు. కాలెత్తి మోకాళ్ళ మధ్య పట్టుకుని, గీరే కొక్కెంతో మన్ను తీసి, బ్రష్షు పెట్టి కడిగాడు. "చూడు నాయనా, డెక్క ముందుకు సాగింది, మడమ కిందికి పోయింది," అన్నాడు.

కడిగాక నేను చూసినవి ఇవి. అరికాలు లోపలికి గిన్నెలా ఉండాల్సింది దాదాపు చదునుగా ఉంది. డెక్క గోడ మీద అడ్డంగా గీతలున్నాయి, అవి ముందు పక్క దగ్గరదగ్గరగా, మడమ పక్క దూరందూరంగా ఉన్నాయి. గోడకూ అరికాలికీ మధ్య సన్నగా ఉండాల్సిన తెల్లగీత డెక్క ముందు కొన పక్క వెడల్పై, అందులో ఎర్రటి చుక్కలు, పాత రక్తపు మరకలు. మధ్యలో త్రికోణంగా మెత్తగా ఉండే భాగం, డాక్టర్లు ఫ్రాగ్ అంటారు, దాని కొన పక్కన ఉన్న గాడిలో అగ్గిపుల్ల నిలబెడితే మందు తల కంటే కాస్త ఎక్కువ మునిగింది, అంతే. ఆ గాడి లోతు లేదంటే దాని కింద అరికాలు పలచబడిందని అర్థం. అదే గుర్రం వెనక కాలి గాడిలో పుల్ల సగం దాకా పోయింది.

తాత అరికాలు చెక్కి నున్నగా చేస్తానని కత్తి తీశాడు. వద్దన్నా. "నున్నగా చేయకుంటే పని చేసినట్టే కనపడదు కదప్పా," అని నొచ్చుకున్నాడు. అగ్గిపుల్ల చూపించి, ఉన్నదే పలచన తాతా, ఇంకా తీస్తే బండ నేరుగా లోపలి ఎముకకు తగులుతుంది అన్నా. కాసేపు పుల్లనూ డెక్కనూ మార్చి మార్చి చూసి కత్తి పక్కన పెట్టేశాడు. ఆకురాయితో ముందుకు సాగిన అంచు మాత్రం వాలుగా రాశాడు, మడమను కొంచెం సమం చేశాడు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది, ఆ వయసులో చేతి అలవాటు ఆపుకోవడం చిన్న పని కాదు.

మార్చి మొదట్లో, ప్రొద్దుటూరు

జమ్మలమడుగు మీదుగా ప్రొద్దుటూరు వెటర్నరీ కాలేజీకి తీసుకెళ్ళాం. బొలెరో పికప్ నేల మీద రబ్బరు చాపలు, వాటి మీద తడి ఇసుక. నొప్పి కాళ్ళతో గంటకు పైగా నిలబడి ఊగాలి కాబట్టి డ్రైవరన్నను స్పీడ్ బ్రేకర్ల దగ్గర ఆపి ఆపి పొమ్మన్నా, పాపం ఒక్క మాటా అనకుండా అలాగే నడిపాడు.

అక్కడి డాక్టర్ మేడమ్ మొదట నడిపించి చూశారు, తర్వాత పెద్ద పట్టకారు లాంటి హూఫ్ టెస్టర్‌తో డెక్కను అంగుళం అంగుళం నొక్కుతూ పోయారు. మడమ దగ్గర నొక్కితే కదల్లేదు. ఫ్రాగ్ కొనకు ముందు, డెక్క ముందు కొన పక్క నొక్కగానే కాలు లాక్కుంది. రెండు కాళ్ళదీ అదే చోటు. తర్వాత ఎడమ డెక్కకు కాస్త పైన, మడమ వెనక నరాల దగ్గర రెండు వైపులా లిగ్నోకైన్ అనే మొద్దుబార్చే మందు ఇచ్చి కొన్ని నిమిషాలు ఆగి మళ్ళీ నడిపించమన్నారు. అప్పుడు చాందినీ తల ఊపుతూ కుడి కాలు కుంటడం మొదలుపెట్టింది! నాకు గుండె ఆగినంత పనైంది. మేడమ్ మాత్రం, "భయపడకండి, ఎడమ కాలు మొద్దుబారింది కాబట్టి కుడి కాలి నొప్పి ఇప్పుడు బయటపడింది," అన్నారు. రెండోదానికీ ఇచ్చాక బండల మీద కూడా సాఫీగా నడిచింది. నొప్పి డెక్కలోనే ఉందని, రెండింటిలో ఉందని దాంతో ఖాయమైంది.

ఎక్స్‌రేలో డెక్క లోపలి ఎముక కొన పెద్దగా కిందికి తిరగలేదు, మడమ దగ్గరి చిన్న ఎముక బాగుంది. అరికాలి మందం 9 మిల్లీమీటర్లు. కనీసం 15 ఉండాలట. మెడ మీద జూలు కింద గట్టిగా పేరుకున్న కొవ్వును చేత్తో పట్టి చూపించి, రక్తం తీసి ఇన్సులిన్ పరీక్షకు పంపారు. తర్వాత వచ్చిన రిపోర్టులో ఇన్సులిన్ ఎక్కువే ఉంది.

కాబట్టి తేలింది ఇదీ: లోలోపల మెల్లగా నడుస్తున్న లామినైటిస్, దానికి తోడు పలచని అరికాలు, ఆ పైన రాతి నేల. వేలికీ గోరుకీ మధ్య ఎలాంటి పట్టు ఉంటుందో డెక్క గోడకూ లోపలి ఎముకకూ మధ్య అలాంటి పొరలుంటాయి. పిండి, చక్కెర ఎక్కువైన మేత తిన్నప్పుడు రక్తంలో ఇన్సులిన్ పెరిగి, కొన్ని గుర్రాలకు ఆ పొరలు సాగి వదులవుతాయి. అందరికీ తెలిసేది కదల్లేక పడిపోయే పెద్ద లామినైటిస్. చాందినీది ఆ దాకా రాలేదు, ప్రతి రోజూ కొంచెం కొంచెం సాగుతూ వచ్చింది. డెక్క మీది ఆ గీతలు అదే చెప్తున్నాయి, మా దగ్గరికి రాకముందు నుంచీ ఉన్నవి కూడా వాటిలో ఉన్నాయి.

ఉగాది ముందు వారం: మేత

మేడమ్ మొదట మార్చమన్నది మేత. ఉడకబెట్టిన ఉలవలు, వడ్ల తవుడు, బెల్లం మూడూ ఆపేశాం. ఇంట్లో ఇదే పెద్ద గొడవ. "ఉలవలు లేకుండా గుర్రాన్ని సాకేదెట్ల రా?" అని నాయన. ఆయన చెప్పేదీ సబబే, పొద్దంతా బండి లాగే గుర్రానికి ఉలవలు కావాలి. చాందినీ బండి లాగదు, రోజుకు గంట కూడా కష్టపడదు, పైగా లావు. ఆ బలం పోయేదెక్కడికి?

బరువు లెక్కకట్టడానికి తూకం యంత్రం అక్కర్లేదు. ముందుకాళ్ళ వెనక ఛాతీ చుట్టుకొలతను దానితోనే గుణించి, ఒంటి పొడవుతో మళ్ళీ గుణించి, 11,880తో భాగించాలి. కొలతలు సెంటీమీటర్లలో పెడితే బరువు కిలోల్లో వస్తుంది. చాందినీ చుట్టు 162, పొడవు 142, అంటే సుమారు 314 కిలోలు. ఒంటి బరువులో నూటికి ఒకటిన్నర వంతు ఎండు మేత చొప్పున రోజుకు అయిదు కిలోలకు కాస్త తక్కువ. అంతకంటే తగ్గించొద్దని మేడమ్ గట్టిగా చెప్పారు. లావుగా ఉన్న పొట్టి గుర్రాలను, గాడిదలను ఉన్నట్టుండి పస్తు పెడితే రక్తంలోకి కొవ్వు దిగి ప్రాణం మీదికి వస్తుంది.

ఏం పెట్టాలన్నది మా వైపు తేలిక కాదు. పచ్చి జొన్న వద్దన్నారు, అందులో సైనైడ్ పుట్టే గుణం ఉంది. శెనక్కాయ కట్టె మా ఊళ్ళో కావలసినంత దొరుకుతుంది గానీ దుమ్ము, బూజు ఉంటే గుర్రానికి పడదు. చివరికి కాలవ గట్ల గరిక బాగా ముదిరాక కోయించి ఎండబెట్టి, దాన్ని చల్లనీళ్ళలో గంట నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి పెడుతున్నా. నానబెడితే చక్కెర కొంత నీళ్ళలోకి దిగిపోతుంది. పారబోసిన నీళ్ళు పలచటి టీ రంగులో ఉంటాయి, వేలు పెట్టి నాకితే తియ్యదనం తెలుస్తుంది. ఈ ఎండలకు గంట దాటితే పులుపు వాసన మొదలవుతుంది, అందుకే రెండు పూటలా విడివిడిగా నానబెడుతున్నా. పైన ఉప్పు, గుర్రాల మినరల్ మిక్చర్.

మొదటి వారం నన్ను చూస్తే చాలు కాలు కొట్టి సకిలించేది, బకెట్టు కోసం. బాధగానే ఉండింది.

ఏప్రిల్: నేల, అట్టలు

మేత మార్చాక నాడి తగ్గడం మొదలైంది, నడక మాత్రం అలాగే ఉంది. అరికాలు పలచగా ఉన్నన్నాళ్ళు అడుగున రాయి గుచ్చుకుంటూనే ఉంటుంది కాబట్టి ఇప్పుడు నేల పని.

కొట్టంలో సగం బండల మీద జానెడు మందాన ఇసుక పోశాం. శెనక్కాయ పొట్టు పరుద్దామని మొదట అనుకున్నా, చవక, మెత్తన. కానీ ఉచ్చ పడి తడిస్తే బూజు పడుతుంది, బూజు పట్టిన శెనక్కాయలో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉండొచ్చు, చాందినీ ఏదైనా నోట పెట్టుకునే రకం. ఇసుకైతే ఆ గొడవ లేదు. మేత మాత్రం ఇసుక మీద వేయకుండా బండల పక్క తొట్టిలోనే వేస్తున్నా, ఇసుక కడుపులోకి పోతే కడుపునొప్పి పట్టుకుంటుంది. ఇసుక పోసిన మొదటి రాత్రే పడుకుంది, పొద్దున పక్కంతా ఇసుక అంటుకుని ఉంది. అన్ని రోజులు అది పడుకుంటోందో లేదో మేమెవరం సరిగా గమనించలేదు.

ఇక డెక్క కింద కట్టే అట్టలు. గుర్రపు బూట్లు ఆన్‌లైన్‌లో ఉన్నాయి గానీ ధర ఎక్కువ, చాందినీ డెక్క సైజు దొరకలేదు. తాడిపత్రిలో చెప్పులు చేసే అన్న దగ్గర మందపాటి ఫోమ్ షీటు, హవాయి చెప్పుల అడుగుకు వాడేది, తెచ్చా. డెక్కను కాగితం మీద పెట్టి పెన్నుతో గీసి, ఆ గీతకు వేలెడు లోపలికి కోసి, రెండు పొరలు అంటించి, డెక్క కింద పెట్టి డక్ట్ టేపుతో చుట్టడం. వినడానికి తేలికే. ఒక మనిషి కాలు పట్టుకోవాలి, ఒకరు చుట్టాలి, గుర్రం మధ్యలో కాలు దించకూడదు. టేపును ముందే కొట్టం గోడకు అడ్డంగా నిలువుగా అంటించి చదరపు ముక్కలా చేసి పెట్టుకుంటే పని సగమవుతుంది. మొదటి జత బండల అంచులకు ఒక్క రోజులో చిరిగిపోయింది. రెండోసారి అంచులు వాలుగా కోసి, అడుగున పాత సైకిల్ ట్యూబు ముక్క అంటించా, అది నిలబడింది.

ఒక్కటి తప్పకుండా గుర్తుంచుకోండి: టేపు డెక్క గోడ మీదే ఆగాలి. వెంట్రుకలు మొదలయ్యే గీత దాటి చర్మం మీదికి పోతే రక్తం ఆగుతుంది, చర్మం కోసుకుపోతుంది. అట్టలు రోజూ విప్పి, డెక్క ఆరనిచ్చి, మళ్ళీ కట్టాలి. తడి మూసి పెడితే ఫ్రాగ్ పక్కన కుళ్ళు వాసన మొదలవుతుంది.

అట్టలు కట్టిన రోజు కొట్టం ముందు బండల మీదికి తీసుకొచ్చా. ఆ ఒక క్షణం ఆగడం లేదు. నేరుగా అడుగు వేసేసింది. నాయన చూసి ఏమీ అనకుండా వెళ్ళి చెప్పుల అన్నకు ఫోన్ చేసి ఇంకో షీటు తెమ్మన్నాడు.

మే

ఎండలు మండుతున్నాయి. ఒక పొద్దున కొట్టంలోకి వెళ్ళేసరికి కుడి ముందుకాలు నేల మీద ఆనించడం లేదు. అంతకు ముందు రోజు సాయంత్రం బాగానే నడిచింది. ఎముక విరిగిందేమోనన్న భయంతో మేడమ్‌కు వీడియో పంపా. నాడి ఆ ఒక్క కాలికే దడదడ కొడుతోంది, మిగతా మూడూ మామూలే. చీము పట్టి ఉండొచ్చు, అలాంటప్పుడు ఉన్నట్టుండి ఇలాగే ఒక కాలు ఎత్తేస్తుంది, పొరలు సాగిన డెక్కల్లో ఇది తరచుగా జరిగేదే అన్నారు. అయినా ఫోన్లో తేల్చకుండా డాక్టరును పంపారు. ఆయన టెస్టర్‌తో చోటు పట్టుకుని తెల్లగీత దగ్గర కొద్దిగా గీరగానే నల్లటి నీళ్ళలాంటి చీము, భరించలేని వాసన. ధనుర్వాతం ఇంజెక్షన్ వేశారు. రోజూ గోరువెచ్చని నీళ్ళలో ఎప్సమ్ ఉప్పు కలిపి బకెట్టులో కాలు పెట్టించడం, ఆరబెట్టి దూది పెట్టి కట్టడం. చీము పోయాక నొప్పి ఎంత తొందరగా దిగిందంటే, సాయంత్రానికి కాలు ఆనించి మేత తినింది.

ఆ వారం రాసిన కాగితాల్లో ఎక్కువ భాగం కన్నీళ్ళతో రాసినవే, అవి ఇక్కడ పెట్టను.

జూన్, జూలై: వాన తర్వాత

ఏరువాక వానలు పడ్డాయి. మా వైపు ఏడాదంతా కలిపినా పడేది తక్కువే కాబట్టి మొదటి వానకు ఊరంతా సంతోషం. గట్లన్నీ పచ్చబడ్డాయి. చాందినీని గట్టు మీద కట్టేసిన నాలుగో పూటకే నోట్‌బుక్కులో నాడి మళ్ళీ పైకి పోయింది. నడకలో ఇంకా ఏమీ కనపడలేదు. రోజూ రాయకపోతే ఇది దొరికేదే కాదు.

లేత గరికలో చక్కెర ఎక్కువ, ఎండ బాగా కాసిన సాయంత్రం ఇంకా ఎక్కువ. వెంటనే లోపల కట్టేసి నానబెట్టిన మేతకే వచ్చేశాం, ఐసు ముక్కలు నింపిన గోనె సంచుల్లో ముందుకాళ్ళు పెట్టించాం. లామినైటిస్ మొదలయ్యే గంటల్లోనే డెక్కను బాగా చల్లబరిస్తే నష్టం తగ్గుతుంది, నొప్పి ముదిరాక చేస్తే అంత ఉపయోగం ఉండదు. ఈసారి కుంటు దాకా రాకుండానే దిగిపోయింది.

అయితే పచ్చిక పూర్తిగా దూరం చేస్తే గుర్రం కొట్టంలో నిలబడి నిలబడి పాడవుతుంది, తిరగాలి కదా. నాయన అటక మీద నుంచి ఎద్దుల చిక్కం తీసుకొచ్చాడు, నూర్పిళ్ళప్పుడు ఎద్దులు గింజలు తినకుండా మూతికి కట్టేది. అల్లిక దగ్గరగా బిగించి, కింద నాలుగు వేళ్ళు పట్టే కంత వదిలి, మూతి చర్మం ఒరుసుకోకుండా అంచుకు పాత పంచె గుడ్డ కుట్టాడు. ఆ కంతలోంచి పోచపోచగా పీక్కుంటూ పొద్దంతా తిరుగుతుంది, తినేది మాత్రం కొంచెమే. నీళ్ళు తాగడానికి అడ్డం రాదు. ఇంతవరకు చేసిన పనులన్నిటిలో నాకు బాగా నచ్చింది ఇదే, నాయన చేతి పని కాబట్టి కూడా.

పొద్దున పెందలాడే, చిక్కంతోనే మేపుతున్నాం. ఊళ్ళో పిల్లలు ప్రేమతో చీనీకాయలు, బెల్లం ముక్కలు పెట్టేవాళ్ళు. కోప్పడటం నాకిష్టం లేదు, బ్రష్షు చేతికిచ్చి ఒళ్ళు తోమే పని అప్పగించా. ఇప్పుడు స్కూలు వదలగానే వరసకట్టి వస్తారు.

సెప్టెంబర్

చెప్పుకోవడానికి పెద్దగా లేదు. నాడి మామూలు. అయిదు వారాలకోసారి తాత వచ్చి అంచు రాస్తున్నాడు. కత్తి పెట్టెలోంచి తీయడం లేదు.

నవంబర్

డెక్క నెలకు సుమారు 6 నుంచి 10 మిల్లీమీటర్లు పెరుగుతుంది, వెంట్రుకల గీత నుంచి నేల దాకా కొత్త గోడ రావడానికి ముందు పక్క తొమ్మిది నెలల నుంచి ఏడాది పడుతుంది. మార్చిలో వెంట్రుకల గీతకు ఆనుకుని ఆకురాయితో చిన్న గాటు పెట్టించా. ఆ గాటు ఇప్పుడు నేలకు దగ్గర్లో ఉంది. దాని పైన పెరిగిన గోడ నునుపుగా, అడ్డగీతలు లేకుండా, నిలువుగా దిగింది. కింద ఉన్న పాత ముక్క ఇంకా ముందుకు సాగే ఉంది. పక్క నుంచి చూస్తే రెండింటికీ మధ్య మలుపు స్పష్టంగా కనపడుతుంది. వానలప్పుడు పచ్చి గట్టు మీద కట్టేసిన తప్పుతో జూన్‌లో ఒక సన్నని గీత పడింది, అదీ కిందికి జారుతోంది. తెల్లగీత సన్నబడింది, ఎర్ర చుక్కలు ఎడమ కాలికి లేవు, కుడికి చీము వచ్చిన చోట మాత్రం మచ్చ ఉంది.

మళ్ళీ ప్రొద్దుటూరు వెళ్ళాం. అరికాలు 13 మిల్లీమీటర్లు. ఛాతీ చుట్టు 155కి దిగింది, లెక్క వేస్తే 287 కిలోలు. మెడ మీది గట్టి కొవ్వు మెత్తబడి పక్కకు కదులుతోంది.

ఇప్పటి పరిస్థితి: ఇసుకలో, తోట మట్టిలో చిన్న దౌడు కూడా బాగుంది. బండల మీద అట్టలు లేకుండా మామూలు నడక, గుండ్రంగా తిప్పినప్పుడు కుడికి కొంచెం జంకు ఇంకా ఉంది. గనుల దారిలో రాతి చెక్కుల మీదికి మాత్రం అట్టలు లేకుండా తీసుకుపోవడం లేదు. జీను వేయడం మేడమ్ సంక్రాంతి తర్వాత చూద్దామన్నారు, అదీ బుగ్గ రామలింగేశ్వరుడి గుడి పక్క పెన్న ఇసుకలో నడక వరకే. తాత వచ్చే వారం వస్తాడు, ఈసారి పాత గోడలో మిగిలిన ముక్క చాలావరకు పోతుంది. గరిక మళ్ళీ ముదిరింది, కోతకు మనుషులను మాట్లాడాలి.